ఒక పూట గోల్ఫ్, ఏడాది పొడవునా హాకీ

కోనసీమలో సార్వా కోతలయ్యాక హైస్కూలు మైదానంలో ముందుగా కనిపించేది ధాన్యం. గత డిసెంబరులో నేను వెళ్లిన ఒక ఊళ్లో, బరకాల మీద ఆరబోసిన వడ్లకూ ప్రహరీ గోడకూ నడుమ మిగిలిన సన్నటి జాగాలో పద్నాలుగు మంది పిల్లలు హాకీ ఆడుతున్నారు. స్టిక్కులు తొమ్మిదే ఉండడంతో మిగిలిన ఐదుగురూ తాటిమట్టలను చెక్కి, మొదలు దగ్గరి వెడల్పును స్టిక్కు వంపులా మలచుకున్నారు. గోల్ దగ్గర నిలబడిన అమ్మాయి కాళ్లకు క్రికెట్ ప్యాడ్లు ఉన్నాయి. బంతి వడ్లలోకి దొర్లిపోతే ఆట ఆపి, బరకం అంచున మోకాళ్ల మీద కూర్చుని, గింజ చెదరకుండా స్టిక్కుతో దాన్ని మెల్లగా లాక్కునేవారు. ఇందులో రైతును తప్పుపట్టలేం. తేమ 17 శాతానికి దిగనిదే మద్దతు ధర పూర్తిగా దక్కదు, ఊళ్లో అంత ఆరుబయలు మరెక్కడా లేదు.

అమెరికాలో స్థిరపడిన ఈ ప్రాంతపు వాళ్లు కొందరు అక్కడ గోల్ఫ్ పోటీ నిర్వహించి, వచ్చిన డబ్బుతో ఇలాంటి పిల్లలకు ఉచిత హాకీ శిక్షణ ఏర్పాటు చేయాలనుకుంటున్నారు. ఆ సంగతి చెప్పినప్పుడు పీఈటీ మాస్టారు ఎంతో సంతోషించి, వెంటనే ఒక ప్రశ్న వేశారు: “ఈ ఏడు సరేనండీ, మరి పైఏడు మాటేంటండీ?” దాతృత్వ గోల్ఫ్ గురించిన చర్చ ఈ ప్రశ్న దగ్గరే మొదలుకావాలని నా అభిప్రాయం. ఒక్కరోజులో వచ్చే డబ్బును ఏళ్ల తరబడి సాగే సాయంత్రాల శిక్షణకు సరిపోయేలా సర్దగలిగినప్పుడే ఈ పద్ధతి పిల్లలకు మేలు చేస్తుంది. ఆశపెట్టి మధ్యలో వదిలేస్తే ఆ పిల్లలు ఆటకే దూరమవుతారు.

గోల్ఫ్ ద్వారా నిధులు సేకరించడం అమెరికాలో బాగా పాతుకుపోయిన పద్ధతి. వృత్తి గోల్ఫర్ల పోటీలు నడిపే పీజీఏ టూర్ నుంచి తొలి విరాళంగా 10,000 డాలర్లు 1938లో అందగా, 2020 నాటికి ఆ మొత్తం 300 కోట్ల డాలర్లు దాటింది. ఊరి స్థాయిలో జరిగే పోటీల కిటుకు మరింత సులువైనది. నలుగురేసి ఒక జట్టుగా 18 హోళ్ల (బంతిని వేయాల్సిన గుంతల) దగ్గరా ఒకేసారి ఆట మొదలుపెడతారు కాబట్టి ఒక విడతలోనే 72 మంది ఆడవచ్చు. జట్టులో నలుగురూ బంతిని కొట్టి, అందరిలోకీ బాగా పడిన బంతి దగ్గరి నుంచే తర్వాతి దెబ్బ కొడతారు కనుక ఆట అంతగా రానివారు కూడా మొహమాటం లేకుండా చేరతారు. ఒక్కో హోల్ దగ్గర ఒక్కో దుకాణమో కంపెనీయో డబ్బు కట్టి తన పేరు పలక పెట్టుకుంటుంది. గురి తప్పిన దెబ్బను మళ్లీ కొట్టే అవకాశాన్ని సైతం రుసుముకు అమ్ముతారు. ఒకే దెబ్బకు బంతిని గుంతలో వేసినవారికి కారు బహుమతి అని ప్రకటించి, ఆ కారుకు ముందే బీమా చేయిస్తారు.

ఆ దేశంలో హాకీ అంటే మంచు మీద ఆడేది. స్కేట్లు, రక్షణ కవచాలు, మంచు మైదానం అద్దె కలిసి దాన్ని డబ్బున్న ఇళ్ల ఆటగా మార్చేశాయి. ఆ గోడను పగలగొట్టిన వారిలో నీల్ హెండర్సన్ ముఖ్యుడు. వాషింగ్టన్ నగరంలో 1978లో ఆయన మొదలుపెట్టిన ఫోర్ట్ డ్యూపాంట్ క్లబ్ నల్లజాతి పిల్లలను దశాబ్దాల పాటు మంచు మీదికి తీసుకొచ్చింది. 2019లో అమెరికా హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు చోటు దక్కింది. ఫిలడెల్ఫియాలో ఫ్లయర్స్ ఐస్ హాకీ జట్టు వ్యవస్థాపకుడు ఎడ్ స్నైడర్ 2005లో స్థాపించిన ఫౌండేషన్ ఆటతో పాటు బడి పాఠాలు కూడా చెప్పించింది. ఈ రెండు సంస్థల్లోనూ నన్ను ఆకట్టుకున్నది వాటి నిలకడ. ఆరేళ్ల వయసులో చేరిన పిల్లవాడికి పదహారేళ్లు వచ్చేవరకూ అదే తలుపు తెరిచి ఉండాలంటే, వాటి వెనక ఉన్న దాతలు ఎంత ఓపికగా ఇస్తూ వచ్చి ఉండాలి!

మన హాకీ కథ వేరు. అంతర్జాతీయ హాకీ 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌తో కృత్రిమ గడ్డి పరిచిన మైదానం, అంటే టర్ఫ్ మీదికి మారింది. 1928 నుంచి ప్రతి ఒలింపిక్స్‌లోనూ పతకం తెచ్చిన భారత్ ఆ ఏడాది ఏడో స్థానంతో సరిపెట్టుకుంది. టర్ఫ్ వేయడానికి కోట్లు కావాలి, అది ప్రభుత్వం పని. 2023లో జాతీయ సీనియర్ మహిళల పోటీలకు ఆతిథ్యమిచ్చిన కాకినాడ ఈ ప్రాంతానికి అందుబాటులోనే ఉంది. దాతల డబ్బు అవసరమైన చోటు అంతకు ముందరి మెట్టు. మట్టి మీద బంతిని అదుపు చేయడం నేర్చుకుని కాకినాడ సెలెక్షన్స్‌కు వెళ్లగలిగే దాకా పిల్లను నిలబెట్టేది కోచ్ జీతం, సాయంత్రం పెట్టే ఉడకబెట్టిన గుడ్డు, చీకటి పడ్డాక ఆడపిల్లలను ఇంటికి చేర్చే ఆటో కిరాయి. చిత్తూరు జిల్లా పల్లెలో పుట్టిన రజని ఇతిమరపు భారత జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడగలిగింది. క్రికెట్ ప్యాడ్లతో నిలబడిన ఆ కోనసీమ అమ్మాయికి ముందు ఒక సరైన గోల్‌కీపర్ కిట్ కావాలి.

ఇక లెక్క. వేదిక మీద పెద్ద చెక్కు పట్టుకుని ఫొటో దిగేటప్పుడు అందులో రాసే అంకె ఒకటి, ఖర్చులు పోగా మిగిలేది మరొకటి. ఉదాహరణకు 72 మంది తలా 15,000 రూపాయలు కడితే 10 లక్షల 80 వేలు వస్తాయి. కోర్సు అద్దె, భోజనాలు, టీషర్టులు, బహుమతుల కింద సగం పోయిందనుకుందాం. మిగిలిన 5 లక్షల 40 వేలలో కోచ్‌కు నెలకు 20,000 చొప్పున 2 లక్షల 40 వేలు, ముప్పై మంది పిల్లలకు రోజుకు 25 రూపాయల ఫలహారం చొప్పున 250 రోజులకు 1 లక్షా 87 వేల 500 ఖర్చవుతాయి. స్టిక్కులకు, కిట్లకు, ఆటోలకు, టోర్నమెంటు ప్రయాణాలకు కలిపి మిగిలేది 1 లక్షా 12 వేల 500. అంటే అంత హడావుడి చేసిన పోటీ ఒక్క ఊరి పిల్లలను ఒక్క ఏడాది ఆడించగలదు. ఇది తక్కువ సంగతేమీ కాదు, కానీ ఆ ఒక్క ఏడాది డబ్బుతో మూడు ఊళ్లలో శిబిరాలు ప్రారంభిస్తే ఆ మూడు శిబిరాలూ నాలుగో నెల దాటేసరికి మూతపడతాయి.

డబ్బు వచ్చే దారిలోనూ చట్టం ఉంది. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసులు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు ఇచ్చినా, అక్కడ రిజిస్టరైన సంస్థ పంపినా అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి ఉన్న సంస్థ మాత్రమే దాన్ని ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలో అందుకోవాలి. పోటీ ముగిశాక ఈ విషయం తెలిస్తే డబ్బు అక్కడ, పిల్లలు ఇక్కడ ఉండిపోతారు.

అసలు ఇంత దూరం పోకుండానే ఇక్కడ ఎందుకు సేకరించకూడదు? గోల్ఫ్ కోర్సుకు వంద ఎకరాలకు పైగా కావాలి. వరి, కొబ్బరి, రొయ్యల చెరువులు పరుచుకున్న డెల్టాలో అది కుదరదు, విశాఖ ఈస్ట్ పాయింట్ క్లబ్ దాకా వెళ్లాలి. కానీ గోల్ఫ్‌లోని ఆ కిటుకంతా షటిల్ కోర్టులోనూ పనిచేస్తుంది. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ ప్రపంచ స్థాయి డబుల్స్ ఆటగాడయ్యాక ఈ ప్రాంతంలో షటిల్‌కు కొత్త గౌరవం వచ్చింది. డాక్టర్లు, రైస్ మిల్లర్లు, రొయ్యల వ్యాపారులు, వకీళ్లు జంటలుగా ప్రవేశ రుసుము కట్టి ఒక ఆదివారం ఆడవచ్చు, కోర్టుకొకరు పేరు పలక పెట్టుకోవచ్చు. ఏడాదికి 5 కోట్ల నికర లాభం దాటిన కంపెనీలు సామాజిక బాధ్యత కింద 2 శాతం వెచ్చించాల్సి ఉంది, ఆ పద్దు కిందికి వచ్చే పనుల్లో గ్రామీణ క్రీడల, ఒలింపిక్ క్రీడల శిక్షణ కూడా ఉంది. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు వేళాపాళా చూడకుండా వచ్చినవారందరికీ అన్నం పెట్టిన నేల ఇది. ఇచ్చే చేతులకు ఇక్కడ కొదవ లేదు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యేవరకూ ఈ డెల్టా వరదనూ చూసింది, కరువునూ చూసింది. నీరు ఉండి కూడా పంట లేకపోవడానికి కారణం దాన్ని నిలిపి వంతులవారీగా కాలువల్లోకి మళ్లించే ఏర్పాటు లేకపోవడమే. విరాళాల డబ్బుకూ అదే వర్తిస్తుంది. అందుకే ప్రవాస మిత్రులను నేను కోరేది ఇది: మొదటి పోటీ డబ్బును పోటీ జరిగిన ఏడాదే ఖర్చుపెట్టకుండా బ్యాంకులో ఉంచండి, రెండో పోటీ కూడా జరిగాకే శిబిరం తెరవండి. అప్పుడు ఏ ఏడాదైనా వానకో మరో కారణానికో పోటీ ఆగిపోయినా కోచ్ జీతం ఆగదు. జమాఖర్చులను ప్రతి మూడు నెలలకూ బడి నోటీసు బోర్డు మీద తెలుగులో అంటించండి, తల్లిదండ్రులు చదువుతారు. ఆ మాస్టారికి ముందుగా మూడేళ్ల హామీని కాగితం మీద రాసివ్వండి. జూన్‌లో బడి తెరిచేనాటికి ఆ కాగితం ఆయన చేతిలో ఉంటే, ఏడో తరగతి పిల్లల ఇళ్లకు వెళ్లి పేర్లు రాసుకోవడం మొదలుపెడతానని ఆయన చెప్పారు.