ర్యాలీతో సరిపెడతారా?

మరో అక్టోబర్ 10 వచ్చింది, వెళ్లింది. ప్రపంచ మానసిక ఆరోగ్య దినోత్సవాన్ని విశాఖలో ఎలా జరుపుతారో నగరవాసులకు కొత్తగా చెప్పక్కర్లేదు. బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర నర్సింగ్ విద్యార్థినుల్ని, బడిపిల్లల్ని వరుసగా నిలబెడతారు. చేతికో ప్లకార్డు ఇస్తారు. అధికారి వచ్చి జెండా ఊపుతారు. వైఎంసీఏ దాకా నడిపించి ఇంటికి పంపేస్తారు. దాన్నే అవగాహన కార్యక్రమం అని రికార్డుల్లో రాసుకుంటారు. దాని వల్ల ఎవరికి ఏం తెలిసింది? కనీసం ఎండలో నడిచిన పిల్లలకైనా ఒక్క ముక్క నేర్పారా? అడిగేవాళ్లు లేరు కాబట్టే ఈ తంతు ఇన్నేళ్లుగా సాగుతోంది.

ఈ తంతు ఏ ఊళ్లో జరిగినా తప్పే. విశాఖలో జరగడం మాత్రం క్షమించరానిది. నీట్ కోచింగ్ కోసం వేరే రాష్ట్రం నుంచి మనల్ని నమ్మి వచ్చిన 17 ఏళ్ల విద్యార్థిని 2023 జులైలో ఇక్కడ ప్రాణాలు కోల్పోయింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జులై 25న కోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. అంతటితో ఆగకుండా దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. వీలైనంతవరకు మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టకూడదు, నలుగురిలో అవమానించకూడదు. సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. తల్లిదండ్రులకు క్రమం తప్పకుండా అవగాహన కల్పించాలి. హాస్టళ్లలో, తరగతి గదుల్లో టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ నంబరు పెద్ద అక్షరాల్లో కనిపించాలి. అమలు చూడటానికి కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ ఉండాలి. చట్టం వచ్చేదాకా ఇవే చట్టమని కోర్టు స్పష్టంగా చెప్పింది.

దేశానికంతటికీ వర్తించే ఈ నియమాలు పుట్టింది విశాఖలో ఒక ఆడపిల్ల మరణం నుంచి. వాటిని అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా అమలు చేసి చూపాల్సిన బాధ్యత కూడా ఈ నగరానిదే. ద్వారకానగర్‌లోనో, గాజువాకలోనో, మధురవాడలోనో మీకు దగ్గర్లో ఉన్న హాస్టల్‌కి వెళ్లి నోటీసు బోర్డు చూడండి. మెస్ టైమింగులు ఉంటాయి. ఫీజు కట్టాల్సిన ఆఖరు తేదీ ఉంటుంది. వీక్లీ టెస్టు ర్యాంకులు పేర్లతో సహా ఉంటాయి. వాటి మధ్య 14416 అనే అంకె ఎక్కడైనా ఉందేమో వెతకండి. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్ నంబరు అది. రాత్రీ పగలూ పనిచేస్తుంది. పైసా ఖర్చు లేదు. తెలుగులో మాట్లాడతారు. ఫోను కొనిచ్చే స్తోమత లేని తల్లిదండ్రులు కూడా హాస్టల్ ఫోను నుంచి చేయమని పిల్లలకు చెప్పగల నంబరు. ఊరంతా ఆసుపత్రుల హోర్డింగులు, కోచింగ్ ర్యాంకుల ఫ్లెక్సీలు కట్టుకోవడానికి చోటు దొరుకుతుంది. ఈ ఐదంకెలు రాయడానికి గోడ దొరకదా?

ఆదివారం సాయంత్రం హాస్టల్ నుంచి వచ్చే ఫోను ఎలా ఉంటుందో చాలా ఇళ్లలో తెలుసు. "నాన్నా, నేనిక్కడ ఉండలేకపోతున్నా" అంటుంది పిల్ల. "ఫీజు మొత్తం కట్టేశాం కదమ్మా, ఈ ఒక్క ఏడాది ఓర్చుకో తల్లీ" అంటాడు తండ్రి. ఆయన చెడ్డవాడు కాదు. అప్పు చేసి కట్టాడు, కూతురు బాగుండాలనే కట్టాడు. ఆ మాట వినగానే ఏం అడగాలో, ఏం వినాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. "నిద్ర పడుతోందా? అన్నం తింటున్నావా? ఎన్నాళ్లనుంచి ఇలా ఉంది? బతకాలని లేదనిపిస్తోందా?" అని అడగడం ఆయనకు తెలియదు. ఆఖరి ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చదువుకున్నవాళ్లు కూడా భయపడతారు. ఆ భయం తప్పు. సూటిగా అడగడం వల్ల ప్రమాదం పెరగదని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. అడిగితే చాలామంది ఊపిరి పీల్చుకుని మాట్లాడతారు. ఒక్క 2022లోనే దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. అందులో 13,044 మంది విద్యార్థులు. వీళ్లలో ఎందరి ఇళ్లలో ఆ ప్రశ్న ఎవరైనా అడిగి ఉంటారు?

నేర్పడం అంటే ఇదీ. "మానసిక ఆరోగ్యమే మహాభాగ్యం" అని ప్లకార్డు మీద రాయడం నేర్పడం కాదు. ఛాతీలో నొప్పి వస్తే 108కి ఫోన్ చేయాలని ఇవాళ ఏ వీధిలో ఎవర్ని అడిగినా చెబుతారు. మనసు విషయంలో అలాంటి నాలుగు మాటలు అందరి నోటికీ రావాలి. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటి రోజూ ఉంటే అది డిప్రెషన్ కావచ్చు, డాక్టరుకు చూపించాలి. దానికి మందులు మొదలుపెట్టిన మర్నాడే గుణం కనిపించదు, రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈలోపే పనిచేయట్లేదని ఆపేయకూడదు, బాగైపోయిందని సొంతంగానూ ఆపేయకూడదు. ఏళ్ల తరబడి తాగిన మనిషి ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, ఫిట్స్, లేనివి కనిపించడం మొదలై ప్రాణం మీదికి రావచ్చు. అతన్ని గదిలో పెట్టి తాళం వేయడం కాదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పసిబిడ్డ పక్కనే పడుకుని రోజంతా ఏడ్చే బాలింతకు దిష్టి తీస్తే సరిపోదు. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారని చెప్పే కుర్రాణ్ణి కొట్టి దారిలో పెట్టలేరు.

ఇంకో సంగతి మరీ ముఖ్యం. మన ఇళ్లలో మనసు బాధ చాలాసార్లు ఒంటి బాధగా బయటపడుతుంది. గుండె దడ, తలబరువు, కడుపులో మంట, ఒళ్లంతా లాగేయడం. ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కిస్తాడు. తర్వాత స్కాన్. తర్వాత ఇంకో స్కాన్. అన్నీ నార్మల్ అని రిపోర్టు వస్తే "ఏమీ లేదు, నువ్వే ఎక్కువ ఆలోచిస్తున్నావ్" అని ఇంటికి పంపేస్తారు. ఏమీ లేదని చెప్పిన ఆ రోజునే ఆ మనిషికి అసలు చికిత్స మొదలై ఉండాల్సింది.

ఇవేవీ తెలియకపోవడం జనం తప్పు అని అధికారులు తప్పించుకోలేరు. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో 30వ సెక్షన్ చదవండి. చట్టం గురించి, మానసిక ఆరోగ్యం గురించి విస్తృతంగా ప్రచారం చేయడం, పోలీసులతో సహా ప్రభుత్వ సిబ్బందికి శిక్షణ ఇవ్వడం ప్రభుత్వాల విధి అని అందులో ఉంది. ఆత్మహత్యకు యత్నించిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలని, శిక్షించకూడదని 115వ సెక్షన్ చెబుతోంది. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని నేరమన్న పాత 309 సెక్షనే లేదు. అయినా ఇవాళ్టికీ పోలీసు కేసవుతుందని భయపడి క్యాజువాల్టీలో "మందనుకుని పొరపాటున తాగేశాడు డాక్టర్ గారూ" అని చెప్పే కుటుంబాలున్నాయి. ఆ అబద్ధం వల్ల కడుపు కడిగి పంపేస్తారు, మనసు సంగతి ఎవరూ చూడరు. మానసిక జబ్బులకూ శరీర జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 నాటి ఆ మానసిక ఆరోగ్య చట్టమే చెబుతోంది. ఎంతమంది పాలసీదారులకు ఈ ముక్క తెలుసు?

ముందు డాక్టర్లు, మంచాలు పెంచకుండా జనానికి చెప్పి ఏం లాభమని కొందరంటారు. ఎక్కువ చెబితే ప్రతి చిన్న దిగులునూ జబ్బు అనుకుంటారని ఇంకొందరంటారు. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. అయితే బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో నూటికి 10 మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. డిప్రెషన్ ఉన్నవాళ్లలో నూటికి 85 మందికి చికిత్స అందడం లేదు. లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేని దేశంలో డాక్టర్లు పెరిగేదాకా ఆగుదాం అంటే ఇంకో తరం పోతుంది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మనది లేదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఇక జబ్బుకీ మామూలు దిగులుకీ తేడా తెలియాలంటే ఎవరో ఒకరు ఆ తేడా నేర్పాలి కదా!

నేర్పడం కుదిరే పనే. ఆస్ట్రేలియాలో బెట్టీ కిచెనర్ అనే నర్సు, ఆంథొనీ జార్మ్ అనే ఆచార్యుడు 2000లో మామూలు జనానికి మానసిక ప్రథమ చికిత్స నేర్పే కోర్సు మొదలుపెట్టారు. అది పాతిక దేశాలు దాటి వెళ్లింది. అంతదూరం ఎందుకు, పొరుగున బళ్లారిలో 1980లలోనే నిమ్‌హాన్స్ వాళ్లు ఆరోగ్య కేంద్రాల్లోని సిబ్బందికి నేర్పి చూపించారు. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే పునాది. మనకు వార్డు సచివాలయాలున్నాయి, ఏఎన్ఎంలు, ఆశాలు ఉన్నారు, డ్వాక్రా సంఘాలున్నాయి. చినవాల్తేరులో 19వ శతాబ్దం నాటి ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, ఆంధ్ర మెడికల్ కాలేజీ ఉంది. 2014లో రాష్ట్రం విడిపోయి ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి తెలంగాణకు వెళ్లాక ఈ వైద్యశాలే రాష్ట్రానికి పెద్ద దిక్కయింది. నేర్పగలవాళ్లు ఊళ్లోనే ఉన్నారు, నేర్చుకోవాల్సినవాళ్లూ ఊళ్లోనే ఉన్నారు. ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టే పని మాత్రం జరగదు. జెండా ఊపడానికి తీరిక దొరుకుతుంది.

ఆ వైద్యశాల గేటు దగ్గర ఒక పూట నిలబడితే ఈ నిర్లక్ష్యానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో కనిపిస్తుంది. ఆటోని గేటు దాకా రానివ్వకుండా వంద గజాల ముందే ఆపించి దిగుతారు. తల్లి కొంగు ముఖం మీదికి లాక్కుంటుంది. కొడుకు చేతికి రెండు మూడు రకాల తాయెత్తులు ఉంటాయి. పాడేరు నుంచో, బొబ్బిలి నుంచో తెల్లవారుజామున బయల్దేరి వస్తారు. పూజలు, నాటు వైద్యాలు అన్నీ అయ్యి, ఉన్నదంతా ఊడ్చుకుపోయాక ఆఖరున ఇక్కడికి వస్తారు. మొదట్లోనే వచ్చి ఉంటే ఎంతో మేలయ్యే జబ్బు అప్పటికి ముదిరిపోతుంది. వీళ్లకు ఊళ్లోనే ఒక ఏఎన్ఎం "ముందు డాక్టరుకు చూపించండి, తర్వాత మీ ఇష్టం" అని ఒక్క మాట చెప్పి ఉంటే చాలు. తమిళనాడులోని ఎర్వాడిలో 2001 ఆగస్టు 6న గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది రోగులు మంటల్లో కాలిపోయారు. వాళ్లనూ అయినవాళ్లే తీసుకెళ్లి అక్కడ వదిలారు, తెలియకే వదిలారు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక ఈ నగరం కూలిన చెట్లనూ, కరెంటు స్తంభాలనూ లెక్కపెట్టుకుంది. 2020 మే 7న ఆర్ఆర్ వెంకటాపురంలో గ్యాస్ లీకైతే ఒళ్లు బాగాలేనివాళ్ల లెక్క తీశారు. గట్టిగా గాలి వీస్తే నిద్ర పట్టని ముసలివాళ్ల గురించి, ఏ వాసన వచ్చినా పిల్లల్ని పట్టుకుని వీధిలోకి పరుగెత్తే తల్లుల గురించి ఏళ్ల తరబడి వెంట ఉండి మాట్లాడాల్సిన అవసరం ఉంది. ఇలాంటి దెబ్బలు తిన్న నగరానికి ఏడాదికి ఒక ఉదయం కేటాయించి బాధ్యత తీరిపోయిందనుకోవడం ప్రజల్ని మోసం చేయడమే. ఆ మోసాన్ని మేం అవగాహన అని పిలవం.

కార్పొరేట్ కాలేజీల యాజమాన్యాలు కూడా కౌన్సెలర్ పోస్టును లెక్చరర్ మెడకు తగిలించి చేతులు దులుపుకోవద్దు. పొద్దున ఫిజిక్స్ టెస్టులో మార్కులు తగ్గాయని తిట్టిన మనిషి దగ్గరికే సాయంత్రం వెళ్లి మనసులో మాట చెప్పుకోమంటే ఏ పిల్ల చెబుతుంది? తల్లిదండ్రుల సమావేశాల్లో ర్యాంకుల స్లైడ్లు చూపించడం ఆపి ఒక్క అరగంట సైకియాట్రిస్టుతో మాట్లాడించండి.

జిల్లా కలెక్టర్‌ను ఈ పత్రిక సూటిగా అడుగుతోంది. కోర్టు చెప్పిన జిల్లా కమిటీలో ఎవరెవరున్నారు? ఎన్నిసార్లు కూర్చున్నారు? ఏ కాలేజీలో, ఏ కోచింగ్ సెంటర్‌లో, ఏ హాస్టల్‌లో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉన్నారు, ఎక్కడ లేరు? సంస్థల పేర్లతో జాబితా బయటపెట్టాలి. ఎంతమంది వార్డెన్లకు, ఏఎన్ఎంలకు, కానిస్టేబుళ్లకు శిక్షణ ఇచ్చారో, ఆ శిక్షణ ఎన్ని గంటలో, పాఠం చెప్పింది ఎవరో జనానికి చెప్పాలి. ఏడాదికి రెండుసార్లు అని కోర్టు ఆదేశించింది. మొదటిసారి ఎప్పుడు జరిపారు?