సవరణ: మార్ఖా లోయ ట్రెక్‌లో కనుమ ఎత్తు, హెమిస్ మఠం

లద్దాఖ్‌లోని మార్ఖా లోయ ట్రెక్ గురించి ఇంతకుముందు పెట్టిన పోస్టులో కొంగ్మరు లా కనుమ ఎత్తు 4,200 మీటర్లని పడింది. నిజానికది సుమారు 5,200 మీటర్లు. కనుమ దాటే ముందు రాత్రి బస చేసే నిమాలింగ్ పచ్చికబయలే 4,800 దగ్గర ఉంటుంది.

అందుకే, లేహ్‌లో దిగిన మర్నాడే నడక మొదలుపెట్టొచ్చన్న మాట కూడా తీసేశాను. లేహ్ ఎత్తే 3,500 మీటర్లు, మన హైదరాబాద్ 500 దగ్గర. విమానంలో వెళ్లినవాళ్లు, ఒళ్లు ఆ ఎత్తుకి అలవాటు పడటానికి, కనీసం రెండు రోజులు ఊళ్లోనే మెల్లగా తిరగాలి, మూడైతే ఇంకా మంచిది. తలనొప్పి, వాంతులు ఉంటే పైకి ఎక్కకూడదు. తగ్గకపోతే కిందికి దిగిపోవడమే. రోజూ జిమ్‌కి వెళ్లేవాళ్లకైనా ఇందులో మినహాయింపు లేదు. గైడ్ ఆగమంటే ఆగండి, గ్రూపులో పరువు పోతుందని టెన్షన్ పడొద్దు.

ఇంకోటి, ఆ పోస్టులో రాసినట్టు హెమిస్ మఠం టిబెటన్ బౌద్ధంలోని గెలుగ్పా శాఖది కాదు, ద్రుక్పా శాఖది. గెలుగ్పా మఠం చూడాలంటే హెమిస్ నుంచి లేహ్‌కి తిరిగొచ్చే దారిలో థిక్సే ఉంది. ట్రెక్ దారిలోని స్కియు, మార్ఖా, హంకర్‌లలో ఊరివాళ్ల ఇళ్లలోనే బస, భోజనం దొరుకుతాయన్న భాగంలో మార్పేమీ లేదు.