చూపు బాగుందని షుగర్ వాళ్లు కంటి టెస్ట్ వాయిదా వేస్తున్నారు, ప్రమాదం అక్కడే ఉంది

"బాగానే కనిపిస్తోంది కదా, కంటి డాక్టర్ దగ్గరికి ఎందుకు?" షుగర్ ఉన్న ఇళ్లల్లో ఈ మాట వింటూనే ఉంటాం, నన్నడిగితే చూపు పోవడానికి సగం కారణం ఈ మాటే.

ఏళ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే రెటీనాలో, అంటే కంటి వెనక బొమ్మ పడే పొరలో, సన్నటి రక్తనాళాలు దెబ్బతింటాయి, కొన్ని లీకవుతాయి, కొన్ని మూసుకుపోతాయి. రక్తం అందని రెటీనా ఆక్సిజన్ చాలక వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ ఎక్కువగా వదులుతుంది, కొత్త నాళాలు పుట్టించేది అదే. పుడతాయి కూడా, కానీ కావాల్సిన చోట కాదు, రెటీనా పైకి, దాని ముందుండే జెల్లీలోకి పాకుతాయి. గోడలు ఎంత బలహీనంగా ఉంటాయంటే నిద్రలో కూడా చిట్లిపోవచ్చు. నిన్నటిదాకా చార్టులో ఆఖరి లైను కూడా చదివిన మనిషికి పొద్దున లేచేసరికి కంటి ముందు నల్ల దారాలు, పొగ. ఇంకా ముదిరితే ఆ నాళాలతో పాటు పెరిగిన పొర రెటీనాని లాగి ఊడదీస్తుంది.

అదే మనిషికి కాలి మీద పుండు మానదు, ఎందుకంటే నిజంగా కొత్త నాళాలు కావాల్సిన చోట అవి సరిగ్గా రావు.

వైద్యం లేక కాదు. కంట్లో వేసే ఇంజెక్షన్ వీఈజీఎఫ్‌ని అడ్డుకుంటుంది, మన దగ్గర ఎక్కువగా వాడే అవాస్టిన్ అసలు క్యాన్సర్ మందు, చవక కాబట్టి కంటికీ వాడుతున్నారు. కానీ దాని పని కొన్ని వారాలే, మళ్లీ మళ్లీ వేయించుకోవాలి, ఒకటి రెండు వేయించుకుని మానేస్తే నాళాలు తిరిగొస్తాయి. ఇంకో వైద్యం లేజర్, దానివల్ల పక్క చూపు, రాత్రి చూపు కొంత తగ్గొచ్చు గానీ ఫలితం ఎక్కువ కాలం నిలుస్తుంది. కూలి పోగొట్టుకుని ఊరి నుంచి వచ్చే పేషెంట్‌ని "నెలనెలా రాగలవా" అని ముందే అడిగి, రాలేనంటే లేజర్ వైపు మొగ్గడమే న్యాయం అనిపిస్తుంది నాకు.

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ల 2023 అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10.1 కోట్లు. ఇంతమందినీ కంటి ఆస్పత్రికి రమ్మంటే అయ్యే పని కాదు. తెలంగాణలో 2018లో మొదలైన కంటి వెలుగు ఊరూరా కళ్లద్దాలిచ్చింది, మంచి పనే, కానీ అద్దాల టెస్టుకి ఈ జబ్బు దొరకదు, రెటీనా ఫోటో తీయాల్సిందే. ఆ కెమెరా జనం నెలనెలా మాత్రలకోసం వెళ్లే చోటే ఉండాలి, ప్రభుత్వం ఖర్చు పెట్టాల్సింది అక్కడ. అప్పటిదాకా టైప్ 2 (ఎక్కువమందికి ఉండే రకం షుగర్) వాళ్లు షుగర్ బయటపడగానే ఒకసారి, తర్వాత ఏటా రెటీనా చూపించుకోండి. ఈ టెస్టు కోసం కంట్లో చుక్కల మందు వేస్తే కొన్ని గంటలు మసకగా ఉంటుంది, బండి నడపకుండా ఎవరినైనా తోడు తీసుకెళ్లండి.