కెన్నెల్‌కి ఎవరి పేరు పెట్టాలి?

పోలీసు జాగిలాలకు కెన్నెల్ కట్టించి ఇస్తానని బెజవాడలో ఎవరైనా దాత ముందుకొస్తే ఇంజనీరు పని వారంలో అయిపోతుంది. ఎన్ని గదులు, ఎంత ఇసుక, ఎంత ఇనుము, అన్నీ కాగితమ్మీద తేలిపోతాయి. తేలనిది పేరు. దానికి ఆర్నెల్లు పడుతుంది.

దాతగారికి తండ్రి పేరు పెట్టాలని ఉంటుంది. ఆ మాట ఇంట్లో ఎత్తగానే మేనత్త అందుకుంటుంది: "మా అన్నయ్య పేరు కుక్కల కొట్టానికి పెడతావట్రా?" న్యాయమైన ప్రశ్నే. ఆ పేరు ఇప్పటికే కల్యాణమండపం మీద ఉంది, చలివేంద్రం మీద ఉంది, వైకుంఠ రథానికి రెండు పక్కలా ఉంది. శవాల బండికి అంటని మైల జాగిలాల దగ్గర ఎలా అంటుతుందని అడిగే ధైర్యం మాత్రం ఎవరికీ ఉండదు. చివరికి అనుభవజ్ఞులు ఓ రాజీ చెబుతారు. పన్నెండడుగుల బోర్డు పెట్టించి, నాన్నగారి పేరు తొమ్మిదంగుళాల అక్షరాల్లో, 'పోలీసు జాగిలాల వసతి' రెండంగుళాల అక్షరాల్లో రాయించడం. రోడ్డున పోయేవాడు ఏదో ట్రస్టు ఆసుపత్రి అనుకుంటాడు. అత్తయ్య శాంతిస్తుంది.

తర్వాతి ఘట్టం శిలాఫలకం. చీమకుర్తి గెలాక్సీ రాయి, నాలుగడుగులు బై మూడు. మంత్రిగారు, ఎంపీగారు, ఎమ్మెల్యేగారు, కమిషనర్‌గారు, అంతా ప్రోటోకాల్ వరసలో. తేదీనీ అధికారుల పేర్లనీ ముందే చెక్కించొద్దు. రాయి పాలిష్ అయ్యేలోపు బదిలీ ఉత్తర్వులు రావచ్చు. గ్రానైట్‌లో చెక్కిన గాడిని లప్పంతో పూడిస్తే ఎండకు లప్పం ఊడి పాత పేరు మళ్లీ బయటపడుతుంది. పోనీ పెద్ద నాయకుల పేరు పెడదామంటే, బెజవాడలోనే ఉన్న ఆరోగ్య విశ్వవిద్యాలయం సంగతి తెలిసిందే. 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరే వచ్చింది. కెన్నెల్‌కి స్క్రూలతో బిగించే రేకు బోర్డు చాలు. స్క్రూడ్రైవర్ కూడా దాతే ఇవ్వాలని ఒప్పందంలో రాసుకోవాలి.

అసలు కష్టం రాయి వెనక ఉంటుంది. ఫలకాన్ని నాలుగు మూలలా బిగించి వదిలేస్తే రాయికీ గోడకీ మధ్య పావంగుళం సందు మిగులుతుంది. కుక్క ఒంటి మీద నిండా రక్తం తాగిన ఆడ పిడుదు కిందికి రాలి, మళ్లీ గోడెక్కి, సరిగ్గా ఇలాంటి చీకటి సందునే వెతుక్కుంటుంది. ఒక్కోటి వేలల్లో గుడ్లు పెడుతుంది. అవి పగిలి పిల్లలు దిగి, పెరిగి కుక్కలను పట్టాయంటే పిడుదుల జ్వరం రావచ్చు. వస్తే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ముదిరితే ముక్కు నుంచి రక్తం కూడా కారొచ్చు. ముక్కుతోనే ఉద్యోగం చేసే జీవికి ఇది. నాన్నగారి పేరు వెనక అంత సంతానం వర్ధిల్లడం వంశానికి శుభసూచకమే కావచ్చు గానీ, రాయిని సందు లేకుండా సిమెంటుతో అతికించాలి. లేదా గేటు బయట విడిగా దిమ్మె కట్టి దాని మీద పెట్టాలి. ఫొటోలకూ అదే వీలు.

రాయి మిగిలిందని నేలకూ గ్రానైటే పరిచే ఉదారులున్నారు. వద్దు. నున్నటి నేల మీద లాబ్రడార్ లేచినప్పుడల్లా కాళ్లు జారి తుంటి కీళ్లు దెబ్బతింటాయి. గరుకు సిమెంటు నేల, పదడుగులకు రెండున్నర అంగుళాల వాలు, వాలు చివర గది బయట కాలువ, పడుకోవడానికి అరడుగు ఎత్తు చెక్క బల్ల ఉండాలి. పైన రేకులు వేస్తే మే నెలలో కుక్కయినా మనిషైనా లోపల ఉండలేరు. కుక్క రొప్పుతూ చల్లబడాలి, కృష్ణ ఒడ్డున ఉక్కలో ఎంత రొప్పినా తడి ఆరదు. నీళ్ల కూలర్ పెడితే ఉక్క ఇంకా పెరుగుతుంది. ఎత్తు స్లాబు, ఎదురెదురు కిటికీలు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు కావాలి.

ఫ్యాన్లనగానే చిన్న దాతలు బయల్దేరతారు. సీలింగ్ ఫ్యాను మూడు రెక్కల మీదా వంశవృక్షం రాయిస్తారు. కరెంటు పోతే తప్ప చదవలేం. స్టీలు గిన్నెల మీదా పేర్లు కొట్టిస్తామంటారు. జాగిలం రెండు పూటలా మామ్మగారి పేరు నాకుతుందని గుర్తుచేస్తే చందా బకెట్లకు మారుతుంది.

ప్రారంభోత్సవం నాడు ఇంకో గండం. దసరాకి ఇంద్రకీలాద్రి క్యూలైన్లు తనిఖీ చేసే జాగిలాన్నే రిబ్బను పక్కన నిలబెడతారు. పేలుడు పదార్థం వాసన తగిలితే అది మొరగదు, గోకదు, కదలకుండా కూర్చుంటుంది. అలాగే నేర్పుతారు. స్టేజీ కింద అభిమానులు తెచ్చిన టపాకాయల పెట్టె ఉంటుంది. జాగిలం వెళ్లి దాని ముందు కూర్చుంటుంది. రెండు నిమిషాల్లో స్టేజీ ఖాళీ.

ఇంత హడావిడిలో జాగిలాల పేర్లు ఎవరు పెట్టారని ఎవరూ అడగరు. జాగిలాలను వెంట తిప్పే హ్యాండ్లర్లకు అది ఐదు నిమిషాల పని. రెండక్షరాలుండాలి, దూరం నుంచి పిలిచినా స్పష్టంగా వినపడాలి, ఆజ్ఞల్లో దేనితోనూ కలవకూడదు. కిట్టు అని పెడితే 'సిట్' అన్నప్పుడల్లా అయోమయమే. ఇదే నిబంధన దాతలకూ పెడితే 'కీర్తిశేషులు' దగ్గరే దరఖాస్తు తిరిగొస్తుంది.

ఇక పంపకాలు. ఆర్చి, గేటు, హాలు ఎగబడి అమ్ముడుపోతాయి. పార్వో అనే అంటు వైరస్ సోకిన కుక్కను విడిగా ఉంచే గదికి దాత దొరకడు. ఫినాయిల్ వాసనకు అతిథులు మెచ్చుకుంటారు గానీ పార్వో దానికి చావదు. ముప్పై పాళ్ల నీళ్లకు ఒక పాలు ద్రవ బ్లీచ్ కలిపి, పది నిమిషాలు నాననిచ్చి, వాసన పోయేదాకా కడగాలి. ఆ బ్లీచ్‌కీ, నులిపురుగుల మందుకీ, మురుగు కాలువకీ ఎవరి తాతగారి పేరూ ముందుకు రాదు. కనక ధరల పట్టిక ఇలా ఉండాలి: ఆర్చి మీద తొమ్మిదంగుళాల అక్షరం ఒక్కోదానికి పదడుగుల కాలువ, ఏడాది బ్లీచ్. ఒత్తులకు విడి రేటు. బిరుదులున్న వారైతే సెప్టిక్ ట్యాంకు కూడా వారిదే.