రెండొందల గంటలు ఆగితే రిటర్న్ గడువు ఆగుతుందా?

కొత్త స్పీకర్లు కొన్నవాళ్లు “బేస్ రావట్లేదు, గొంతులు గీరుకుంటున్నాయి” అనగానే ఒకటే జవాబు: “రెండొందల గంటలు వాయించండి, అదే సర్దుకుంటుంది.” ఇలా వాయించి కొత్త సామాను కుదుర్చుకోవడాన్నే బర్న్-ఇన్ అంటారు. రోజుకు 2 గంటలు వింటే 200 గంటలకు 100 రోజులు. ఈలోపు రిటర్న్ గడువు దాటిపోతుంది, నచ్చని సరుకు ఇంట్లోనే ఉండిపోతుంది. ఒళ్లు మండేది అక్కడే.

అసలేమీ మారదని నేననను. వూఫర్‌లో, అంటే బేస్ వాయించే స్పీకర్‌లో, ఊగే గరాటు లాంటి కోన్ వెనకాల ముడతలు ముడతలుగా ఒక గుడ్డ చక్రం ఉంటుంది, స్పైడర్ అంటారు. దానికి రెజిన్ పట్టించి గట్టిపరుస్తారు. కోన్ మొదటిసారి బలంగా ఊగినప్పుడు ఆ బిగువు కొంత సడలి, రెజొనెన్స్ ఫ్రీక్వెన్సీ, అంటే కోన్ తనంతట తాను తేలిగ్గా ఊగే వేగం, దిగుతుంది. ఆ సడలింపులో ఎక్కువ భాగం మొదటి నిమిషాల్లోనే అయిపోతుంది.

లెక్క వేసి చూడండి. పెట్టెలో పెట్టకముందు విడిగా 40 హెర్ట్జ్ రెజొనెన్స్ ఉన్న వూఫర్ 36కి దిగిందనుకుందాం. పది శాతం, పెద్ద మార్పే. కానీ మూసిన పెట్టెలో బిగించాక లోపలి గాలి కూడా స్ప్రింగే. కొత్తలో ఆ గాలి బిగువు వూఫర్ సొంత బిగువుకి మూడింతలైతే, పెట్టెతో కలిపి 80 హెర్ట్జ్ ఉన్నది 78 అవుతుంది. అంతే! స్పైడర్ సడలినా గాలి సడలదు. సొంతంగా పెట్టె కట్టేవాళ్లు మాత్రం వూఫర్‌ని కాసేపు తక్కువ ఫ్రీక్వెన్సీలో ఊపి, చల్లారాకే కొలతలు తీయాలి. లేకపోతే పెట్టె సైజు లెక్క తప్పుతుంది.

కేబుళ్లలో మారడానికి ఏమీ లేదు, రాగి రాగిగానే ఉంటుంది. వేడెక్కి పనిచేసే రకాలైన ట్యూబ్ యాంప్లిఫయర్, క్లాస్ ఏ యాంప్లిఫయర్ ఆన్ చేశాక వేడెక్కి కుదురుకోవడానికి అరగంట దాకా పట్టొచ్చు, నిజమే. అయితే ఆఫ్ చేస్తే మళ్లీ మొదటికే. దాన్ని బర్న్-ఇన్ అనకండి. హెడ్‌ఫోన్లలో కళ్లముందే మారేవి ప్యాడ్లు. ఫోమ్ అణిగేకొద్దీ డ్రైవర్, అంటే లోపలి చిన్న స్పీకర్, చెవికి దగ్గరవుతుంది, చుట్టూ గాలి చొరబడే సందు మారుతుంది, దాంతో బేస్ మారుతుంది.

మిగతాదంతా చెవి అలవాటు పడటమే. నిజంగా సామాను మారుతుంటే కొన్నైనా వాడేకొద్దీ చెడిపోవాలి కదా? అన్నీ “తెరుచుకుని తియ్యగా మారాయి” అనే మాటే ఎందుకు వినిపిస్తుంది?

నమ్మకం కుదరకపోతే ఇలా చేయండి. స్పీకర్లు జతగా వస్తాయి. మొదటి రోజే రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి అదే చోట పెట్టి, మైక్ కదపకుండా ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా వస్తోందో కొలవండి. తర్వాత ఎడమదానికే తీగ కలిపి, మామూలు వాల్యూమ్‌లో వారం రోజులు వాయించండి. కుడిదాన్ని ముట్టుకోవద్దు. మళ్లీ అదే చోట, గదిలో అదే ఉష్ణోగ్రత ఉన్నప్పుడు రెండూ కొలవండి. విని పోల్చేటప్పుడు స్పీకర్‌కి తీగ కలిపే టెర్మినల్స్ దగ్గర మల్టీమీటర్ పెట్టి వోల్టేజ్ తేడా 1 శాతం లోపు ఉంచండి. అర డెసిబెల్ ఎక్కువున్నదే చెవికి మెరుగ్గా తోస్తుంది. ఏది ఏదో తెలియకుండా మార్చడానికి ఇంకొకరి సాయం తీసుకోండి. తొందరపడి రాత్రంతా పింక్ నాయిస్ (జలపాతం లాంటి హోరు) గట్టిగా పెట్టి వదిలేయకండి, సన్నని శబ్దాలు పలికే ట్వీటర్ కాయిల్ కాలిపోతే వారంటీ కూడా దక్కకపోవచ్చు.

ఈ పనంతా రిటర్న్ గడువు లోపలే పెట్టుకోండి. అప్పటికీ గొంతులు గీరుకుంటుంటే తిరిగి పంపేయండి.