ఆడ మార్కు గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఆడ మార్కు గారికి,

పక్షవాతం ముప్పు లెక్కగట్టే చాడ్స్-వాస్క్ స్కోరుకి చివర్న, ఆడవాళ్లకి మాత్రమే కలిసే మార్కుగా కూర్చునే తమరికి మా అమ్మ తరఫున నమస్కారాలు.

నిన్న తమరి పుణ్యమా అని మూడు గంటలు ఓపీ బెంచీకి అతుక్కుపోయాం. అమ్మకి 67 ఏళ్లు, బీపీ ఉంది, ఈసీజీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు, తేలింది. జూనియర్ డాక్టరమ్మ వయసుకొకటి, బీపీకొకటి కలిపి ఫైలు మీద 2 వేసింది. పెద్ద డాక్టరు గారు వచ్చి దాన్ని కొట్టేసి 3 చేశారు.

"ఆడవాళ్లకి ఒకటి కలపాలమ్మా."

"2024 యూరప్ గైడ్‌లైన్స్‌లో తీసేశారు సార్."

"2023లో అమెరికా వాళ్లు ఉంచారుగా!"

ఫైలు లోపలికి పోయింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "రెండు కాస్తా మూడైందంటే జబ్బు ముదిరిందా?" అంది.

ఇంతకీ తమరి ఘనకార్యమేమిటి? అమెరికా లెక్కలో ఆడవాళ్లకి ఒక మార్కు ఎక్కువ. కానీ రక్తం గడ్డకట్టకుండా మందు వాడాల్సిందే అనే గీత మగవాళ్లకి 2 దగ్గర, ఆడవాళ్లకి 3 దగ్గర. మార్కు కలిపింది మీరే, పాస్ మార్కు పెంచిందీ మీరే! యూరప్ వాళ్లు తమరిని సాగనంపి అందరికీ 2 అన్నారు. ఎలా కూడినా అమ్మకి రాసేది అదే మాత్ర.

తమరి చుట్టాలూ తక్కువ కాదు. మందు వాడితే వచ్చే రక్తస్రావం ముప్పు లెక్కకి కొందరు హాస్-బ్లెడ్ స్కోరు అంటే, బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ వారు ఆర్బిట్ స్కోరు అంటారు. ఈ జబ్బు చికిత్సకి యూరప్ 2020లో ఏబీసీ అనే పద్ధతి నేర్పి, నాలుగేళ్లకే పలక తుడిచి కేర్ అని దిద్దించింది. ఈ జబ్బులో పక్షవాతం రాకుండా ఆపడానికి ఆస్పిరిన్ పనికిరాదని మాత్రం అందరిదీ ఒకటే మాట. ఒప్పుకోనిది మా వీధి మెడికల్ షాపాయనొక్కడే.

అయిదున్నరకి ఫైలు బయటికొచ్చింది. 3 మీద గీత, పక్కన మళ్లీ 2. కింద రక్తం గడ్డకట్టకుండా ఆపే అపిక్సాబాన్ 5 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు. ఇది రెండున్నరకే రాసివ్వొచ్చు కదా! మాత్ర మారనప్పుడు ఆ పెద్దావిణ్ణి అంతసేపు హడలగొట్టడమెందుకు? సిగ్గుండక్కర్లేదా?

ఆటోలో అమ్మకి ఇదంతా విడమరిచి చెప్పాను. కాసేపు బయటికి చూస్తూ కూర్చుంది.

"ఆడదాన్నని నాకొక మార్కు కలిపింది ఇన్నేళ్లలో ఆయనొక్కడే. అదీ కొట్టేశారూ? ఈసారి వెళ్లినప్పుడు ఉంచమని చెప్పవే."

ఇట్లు,
2 లేక 3 గారి కూతురు