ఊడిన వెంట్రుకా సాక్ష్యమే

నేరం జరిగిన చోట దొరికిన కుదురు లేని వెంట్రుకతోనూ మనిషిని గుర్తించవచ్చని మీ వ్యాసంలో రాశారు, చాలా సంతోషం. ఇన్నాళ్లూ ఎందుకు సాధ్యం కాలేదో కూడా చెప్పాల్సింది. వెంట్రుక కాడలో డీఎన్ఏ ఉన్నా, చిన్న చిన్న ముక్కలైపోయి ఉంటుంది. డీఎన్ఏలో పదేపదే వచ్చే చిన్న వరసలను లెక్కించే పాత ఎస్‌టీఆర్ పరీక్షకు అంతకంటే పొడవాటి ముక్కలు కావాలి. దాంతో మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగం) డీఎన్ఏతో సరిపెట్టుకునేవారు. అది తల్లి వైపు వాళ్లందరికీ ఒకటే, ఫలానా మనిషని తేల్చదు. అంతరించిపోయిన నియాండర్తల్ మానవుల ఎముకల్లో ముక్కలైపోయిన డీఎన్ఏ చదివిన శాస్త్రవేత్త ఎడ్ గ్రీన్ కాలిఫోర్నియాలో ఆ అనుభవంతోనే వెంట్రుకలకూ ఈ దారి తెరిచారు. న్యూయార్క్ గిల్గో బీచ్ వరుస హత్యల కేసులో 2025 సెప్టెంబరులో జడ్జి ఇలాంటి సాక్ష్యాన్ని అనుమతించారు కూడా.

నా టెన్షనంతా పాత కేసుల కవర్లలో ఉన్న వెంట్రుకల గురించే. పనికిరావని దయచేసి పారేయకండి. పరీక్షకు ఒకసారి కరిగించిన వెంట్రుక మళ్లీ దొరకదు, కాబట్టి తొందరపడి పాత పద్ధతికి ఖర్చు చేసేయొద్దు.